ఆ దీపంలో ఇక నూనె పోయవద్దు

గుడివాడలో పుట్టి, ప్రస్తుతం జర్మనీలోని వాల్డార్ఫ్‌లో అద్దె ఇంట్లో ఉంటున్న నేను, సీతారత్నం, భాస్కర్ రావు భార్యను, యాభై ఎనిమిదేళ్ళ వయసులో ఎవరి బలవంతమూ లేకుండా సొంత చేత్తో రాస్తున్న వీలునామా ఇది. నా బుద్ధి కుదురుగానే ఉంది. కుదురు తప్పింది ఒళ్ళు. క్లోమంలో గడ్డ ముదిరిపోయిందనీ, కోసి తీసే దశ దాటిందనీ డాక్టరమ్మ మాస్కు వెనకనుంచి చెప్పింది. కరోనా రోజులని తోడు ఎవర్నీ లోపలికి రానివ్వలేదు. ఆ మాట ఒక్కదాన్నే విన్నాను.

ఈ దేశంలో టైపు చేసిన వీలునామా చెల్లదట, అంతా చేతిరాతే ఉండాలట, సాక్షులు మాత్రం అక్కర్లేదట. సాక్షులు లేని కాగితాన్ని మా వైపు ఎవరూ నమ్మరు కనక నేను పెడుతున్నాను. ఇంతకుముందు రాసిన వీలునామాలన్నీ రద్దు. ఏమీ రాయలేదు, అయినా ఈ ముక్క ఉండాలట.

1. దీన్ని అమలు జరిపే బాధ్యత ఊర్మిళది. ఆఫీసులో నా పక్క సీటు మనిషి. నా కూతురు సంయుక్తకు తెలుగు వింటే అర్థమవుతుంది, చదవడం రాదు. ఊర్మిళా, నువ్వే చదివి వినిపించు. నేను కోప్పడిన చోట గొంతు తగ్గించకు.

2. బ్యాంకులో ఉన్నదీ, నా బంగారమూ, గుడివాడ స్థలంలో నా వాటా కూడా, డ్యూసెల్‌డార్ఫ్‌లో ఉద్యోగం చేసుకుంటున్న సంయుక్తకు చెందాలి. భర్తకు ఇక్కడి చట్టం ఇవ్వమన్నది ఇవ్వండి, నాకు అభ్యంతరం లేదు.

3. పై వాటితో సంబంధం లేకుండా, భాస్కర్ రావు గారికి ఆయన చలికోటు ఇస్తున్నాను. మేనల్లుడి పెళ్ళికని హైదరాబాదు వెళ్ళారు. విమానాలు ఆగిపోయాయి, నిజమే. మళ్ళీ ఎగిరాయి, అదీ నిజమే. ఆయన మాత్రం రాలేదు. హైదరాబాదులో ఆ కోటు ఎందుకూ పనికిరాదని తెలిసే ఇస్తున్నాను.

4. రెండు చెవుల రాగి చెంబు సంయుక్తకు. ఇది మా కింది ఇంట్లో ఉండి, వృద్ధాశ్రమానికి వెళ్తూ నాకిచ్చిపోయిన ఫ్రావ్ గెన్యాది, అంటే గెన్యా గారిది. ఒడెస్సా నుంచి వచ్చిన యూదు ముసలమ్మ, భర్త లేడు, పిల్లలు లేరు. తెల్లవారుజామున ఆవిడ బాత్రూంలో నీళ్ళు కుడిచేతి మీద ఒకసారి, ఎడమచేతి మీద ఒకసారి, అలా మార్చి మార్చి పడే చప్పుడు నాకు పైకి వినిపించేది. మెట్ల దగ్గర ఒకరోజు ఉండబట్టలేక అడిగాను. రాత్రి మన ప్రాణాన్ని పైవాడి దగ్గర దాచుకుంటాం, పొద్దున్నే తిరిగి ఇచ్చేస్తాడు, కాలు కింద పెట్టకముందే అందుకు దణ్ణం పెట్టి, లేచాక చేతులు కడగాలి అంది. నాకేమో లేవగానే అరచేతులు చూసుకునే అలవాటు. అలా కుదిరింది మా స్నేహం.

వాళ్ళ తాతగారు రహస్యంగా నేర్పిన విద్యను ఆవిడ నాకు జర్మన్‌లో, వంటింట్లో టీ తాగుతూ చెప్పింది. మనిషి నిద్ర లేవడం వేరు, మేలుకోవడం వేరు. కింద మనం కదిలితేనే పైన కదలిక వస్తుంది, ముందడుగు మనదే. మన ఉపనిషత్తుల్లో లేనిది ఆ ముసలమ్మ దగ్గరేముందని భాస్కర్ రావు గారు నవ్వేవారు. ఆయన ఉపనిషత్తులూ చదవలేదు.

నేను ఏళ్ళ తరబడి కదిలాను. పైనుంచి ఏమీ కదల్లేదు. ఇది నిష్ఠూరం కాదు, ఉన్న సంగతి. సంయుక్తా, చెంబు నీళ్ళు పోసుకోవడానికి మాత్రం బాగుంటుంది.

5. ఆవిడ ప్రార్థన పుస్తకం అట్ట ఊడిపోయింది. చిరిగిన దేవుడి పుస్తకాన్ని వాళ్ళు పారేయరు, మనిషిని పాతినట్టు మట్టిలో పాతిపెడతారు. మన్‌హైమ్‌లో వాళ్ళ సంఘానికి అప్పగించు ఊర్మిళా. శుభ్రం చేసే ఊపులో పాత పేపర్ల డబ్బాలో వేశావంటే దెయ్యమై వచ్చి నీ పీక పట్టుకుంటాను.

6. హాల్లో కిటికీ పక్క దీపం సంగతి.

ఈ ఏడు జనవరిలో గెన్యా వృద్ధాశ్రమంలో కరోనాతో పోయింది. వాళ్ళలో పోయినవాళ్ళ కోసం చేసే ప్రార్థనకు పదిమంది కావాలి. ఆ రోజుల నిబంధనల్లో పదిమంది పోగవలేదు. నేను శ్మశానం గేటు బయట నిలబడ్డాను, లోపలికి వెళ్ళినా, వాళ్ళ మతం కాని నేను ఆ పదిమంది లెక్కలోకి రాను.

ఆవిడ ముందే చెప్పి ఉంచింది: "ఒక్క వత్తి, ఒక్క రోజు. దానంతటదే ఆరనివ్వు." నేను వెలిగించాను. మా ఇంట్లో పోయినవాళ్ళ దీపాన్ని పదోరోజు దాకా కొండెక్కనివ్వరు. పెరిగిన పద్ధతి అది, నూనె పోస్తూ వచ్చాను. పదోరోజు వచ్చింది. ఆవిడకు ఆ పదిమంది ప్రార్థన ఇంకా అందలేదు కదా అని మళ్ళీ పోశాను. ఈ రోజుకీ పోస్తూనే ఉన్నాను. ఇంటి యజమానికి తెలిస్తే ఇల్లు ఖాళీ చేయించేవాడు. నేను ఆసుపత్రిలో ఉన్న పూటల ఊర్మిళే పోసింది, విసుక్కుంటూ.

ఆవిడ చెప్పిన చివరి పాఠం ఒకటుంది. మొదట అంతటా దేవుడే నిండి ఉన్నాడట, లోకానికి చోటు లేదు. అందుకని తనే కుంచించుకుని పక్కకు జరిగాడు. ఆ ఖాళీలోనే మనమందరం. వెళ్ళేవాళ్ళకైనా వచ్చేవాళ్ళకైనా ఎవరో ఒకరు జరగాలి. నేను జరగలేదు. ఆవిణ్ణి వత్తికి కట్టేసి ఉంచానేమోనని భయంగా ఉంది. అయినా ఆపడం నా చేతకాదు, నా తర్వాతే అది జరగాలి.

కాబట్టి నా కబురు అందిన రోజున ఒక్కసారి నిండా పోయండి. ఆ తర్వాత ఎవరూ పోయవద్దు. ఊదవద్దు. పక్కన కుర్చీ వేసి, అది కొండెక్కేదాకా సంయుక్త కూర్చోవాలని నా కోరిక. మంత్రాలేమీ రానక్కర్లేదు. ఉత్తినే కూర్చుంటే చాలు.

వస్తుందన్న ఆశ లేదు. పోయిన వారం రమ్మని ఫోన్ చేస్తే "మామా, దాస్ గేట్ యెట్స్ట్ నిష్ట్" అంది. అమ్మా, ఇప్పుడు కుదరదని, జర్మన్‌లో. కేసులు పెరుగుతున్నాయి, దాని మాటా నిజమే. అప్పుడూ కుదరదనే అంటుంది. నాకు ఏడుపొచ్చింది, దాచుకోను.

అలా అంటే, ఊర్మిళా, ఆ కుర్చీలో నువ్వు కూర్చోకు. ఇంకెవర్నీ కూర్చోబెట్టకు. తలుపు గడియ తీసి పెట్టి, కుర్చీ ఖాళీగానే ఉంచు.

వాల్డార్ఫ్, 28 నవంబర్ 2021, ఆదివారం
(సంతకం) సీతారత్నం

గుమ్మం బయట మాస్కులతో నిలబడి, నేను సంతకం చేయడం చూసిన సాక్షులు, మా పై ఇంటివాళ్ళు:
జితేంద్ర
కావ్యశ్రీ