స్కానింగ్ గదికి పెట్టిన హద్దు

మంగళవారం, ఆదోని

ఈరోజు మనసు చాలా తేలికగా ఉంది. హొళగుంద ఊరి హనుమంతప్పకు పక్షవాతం వచ్చి మాట పడిపోయింది. నేను కంప్యూటర్లు, ఇంటర్నెట్ చూసుకునే ఆసుపత్రిలోనే, బెంగళూరు నుంచి ఒక టీచరమ్మ వీడియోలో ఆయనకు మాటలు నేర్పిస్తోంది. ఆమె పెదవులు చూసి పలకాలి. కానీ ఈ మధ్య బొమ్మ పదేపదే ఆగిపోతోంది.

"ఆయమ్మ నోరు తెరిసి అట్లే నిలిసిపోతాంది. ఈయప్ప యాడ నేర్సుకునేది?" అని ఆయన భార్య ఈరమ్మ నన్ను అడిగింది.

చూస్తే, పైన స్కానింగ్ గది కంప్యూటర్ పెద్ద ఫైళ్లు పంపుతూ ఇంటర్నెట్ అంతా తానే లాగేసుకుంటోంది. గదులన్నిటికీ ఇంటర్నెట్ పంచే నెట్‌వర్క్ స్విచ్‌లో ఆ గది పోర్టుకు వేగం తగ్గించి హద్దు పెట్టాను. ఎవరి సాయం లేకుండా ఈ పని చేయడం ఇదే మొదలు. సేవ్ నొక్కాను. కింద బొమ్మ ఆగకుండా కదిలింది.

టీచరమ్మ "అమ్మ" అనమంది. హనుమంతప్ప ఆమె పెదవులనే చాలాసేపు చూశాడు. తర్వాత భార్య వైపు తిరిగి, "ఈరీ" అన్నాడు.

"ఇంగోసారి అను," అంది ఈరమ్మ. ఆయన మళ్లీ అన్నాడు. ఆమె నవ్వుతూనే కళ్లు తుడుచుకుంది.

అంతలో స్కానింగ్ గది బాషా అన్న దిగి వచ్చి, "నా ఫైళ్లు నిదానంగా పోతాండాయి, ఏం సేసినావమ్మా?" అన్నాడు. చెప్పాను. హనుమంతప్ప ఉన్న గదిలోకి తొంగి చూసి, "పోనీలే, నిదానంగానే పోనీ," అన్నాడు.

రేపు అత్యవసర స్కాన్ ఏదైనా వస్తే ఆ వేగం చాలుతుందో లేదో. పొద్దున్నే వెళ్లి చూడాలి. ఇప్పుడు నిద్ర రానిది మాత్రం ఆ దిగులుతో కాదు, సంతోషంతోనే.