ఆగకుండా వెళ్ళిన ఓడ

అన్నా,

యుద్ధంలో నువ్వు వంట చేసిన ఆ పాత డిస్ట్రాయర్‌ను తుక్కుకు అమ్మేశారు. అడవుల్లో పోరాటం మీద పెట్టిన ఎమర్జెన్సీ వార్తలూ, మెర్దెకా అంటూ ఎగరేసిన స్వాతంత్ర్యపు జెండాల వార్తలూ రాసి అలిసిపోయిన నేనే మా పత్రికలో ఆ సంగతి నాలుగు వాక్యాల్లో రాశాను.

ఎవరో చదివి చెబితే, సన్యాసి అనే ముసలాయన క్లాంగ్ నుంచి బస్సెక్కి మా ఆఫీసుకు వచ్చాడు. మీరు కాపలాగా వెళ్ళిన సరుకు ఓడల్లో ఒకదానిలో ఆయన బొగ్గు వేసేవాడట. టార్పెడో తగిలి ఆ ఓడ మునిగినప్పుడు, ఆగవద్దన్న ఆజ్ఞ ప్రకారం మీరు వెళ్ళిపోయారు. సాయానికి పిలుస్తూ నీళ్ళలో ఊగిన చేతుల గురించి రెండేళ్ళ క్రితం పోయేదాకా నువ్వు చెబుతూనే ఉన్నావు.

"మా అన్న ఆ డిస్ట్రాయర్‌లోనే ఉండేవాడు," అన్నాను.

ఆయన నా ముఖంలోకి చూశాడు.

"ఆగుంటే మీ అన్నా మాతోపాటు ఈతకొట్టేవోడు. ముందు బూతులు తిట్టినాం. తరవాత సేతులూపినాం, ఎల్లిపొండని. ఏటి, అతగాడు సూడలేదా?"

"చూశాడు," అన్నాను.

అది నిజంగా జరిగిందా, నా ముఖం చూసి అన్నాడా అని అడగలేదు. ఇన్నేళ్ళ ఉద్యోగంలో తెలిసి అడగకుండా వదిలేసిన ప్రశ్న అదొక్కటే.