ఆరో అంకె కింద

నాన్నా,

చెల్లి ఇది చదివి వినిపించేటప్పుడు తలుపు వేసుకోండి.

వేన్నీళ్లు ఒలికి చేయి కాలిందని రాయించావు. ఈ ఉదయం మీ ఫ్యాక్టరీ నుంచి ప్రమాదం రిపోర్టు ఒకటి హెడ్డాఫీసులో నా బల్ల మీదికొచ్చింది. "బాయిలరు ఆపరేటరు అజాగ్రత్త. తెర మీద ఆరో అంకె కింద చూపినట్టే చేశానని బుకాయిస్తున్నాడు. తొలగించవచ్చు." కింద నువ్వు బొమ్మలా గీసే సంతకం, ఈసారి ఎడం చేత్తో వంకరగా.

బాయిలర్ల దగ్గరి ఆ తెర మీద కనిపించే సూచనల పేజీలు చూసుకునేది నేనే. ఇదివరకు శీర్షికల ముందు అంకెలు చేత్తో కొట్టేవాళ్లు. నేను వాటిని తీసేసి, పేజీ ఎలా కనబడాలో కంప్యూటరుకు చెప్పే స్టైల్ షీట్‌లో రెండు వరుసలు రాశాను. శీర్షిక వచ్చినప్పుడల్లా అదే లెక్కపెట్టుకుని అంకె వేస్తుంది. అందరూ మెచ్చుకున్నారు. పోయిన నెల పేజీ మొదట్లో 'ముందు జాగ్రత్తలు' అని కొత్త శీర్షిక చేర్చాను. దానికి ఒకటి పడింది, మిగతావన్నీ ఒక్కొక్క అంకె జరిగాయి. 'ఆవిరి ఎక్కువైతే' ఏడుకు పోయి, ఆరులోకి 'నీళ్లు తగ్గితే' వచ్చింది. బాయిలరు మీద వెలిగే అంకెల దీపం మాత్రం ఆవిరి ఎక్కువైతే పాత ఆరే చూపిస్తోంది. చదువొచ్చినవాళ్లు పేరు చూసి ఎర్ర పిడి తిప్పుతారు. నువ్వు అంకె చూసి, దాని కింద బొమ్మలోని నీలం పిడి తిప్పావు, ఆవిరి తగ్గక నీ చేతి మీదికి చిమ్మింది.

అక్షరాలు టీచరమ్మ నేర్పుతుంది, అంకెలు మాత్రం నేనే నేర్పుతానని చిన్నప్పుడు నాచేత పలక మీద దిద్దించింది ఆ చేయే. దాన్ని కాల్చింది నేను.

తప్పు నాదని రాసిస్తాను. కానీ అంకె మారితే నువ్వెందుకు పొరబడ్డావని అడుగుతారు. అయిదో తరగతి దాకా చదివానని చెప్పి చేరావు కదా, ఆ అబద్ధం బయటపడుతుంది. ఎటు చూసినా పోయేది నీ ఉద్యోగమే. నువ్వు చెప్పేదాకా నా తప్పు ఒప్పుకునే ఆ కాగితం నా దగ్గరే ఉంచుతాను.

నీ పెద్దది


అక్కా,

నాన్న చెబుతున్నాడు, నేను రాస్తున్నాను.

"పెద్దదానా, నీ ఉత్తరం రెండుసార్లు చదివించుకున్నాను. నువ్వు ఒప్పుకుంటానంటుంటే నేను దాక్కోవడం బాగోలేదు. నిన్న షిఫ్టు మారేవేళ అందరి ముందూ చెప్పేశా, 'నాకు చదువు రాదు సార్, అంకెలే నా ఆధారం' అని. నవ్వుతారనుకున్నా. ఒక్కడూ నవ్వలేదు. పక్క బాయిలరు బాబాయి తనకీ రాదని చేయెత్తాడు. ఆ వెనక ఇంకొకడు. తొమ్మిదిమందిలో అయిదుగురం తేలాం. పద్దెనిమిదేళ్లుగా పక్కపక్కనే నిలబడి ఒకరికొకరం తెలియకుండా దాచుకున్నాం. మా అయిదుగురినీ తీసేస్తే బాయిలర్లు ఆ రిపోర్టు పంపిన సూపర్‌వైజరే కాయాలిగా. రిపోర్టు వెనక్కి తీసుకున్నాడు. నీ కాగితం నువ్వు పంపు, తప్పు నీది కాదని నేననను. ఆ జాగ్రత్తల శీర్షికను లెక్కలోంచి తప్పించు. మా ఆరు మాకిచ్చెయ్."

ఇక ఇది నా మాట. నాన్న ఎడం చేత్తో అక్షరాలు దిద్దుతున్నాడు. ముందు 'నాన్న' అని నేర్పుతానంటే, "అది మా తెర మీద ఉండదే" అన్నాడు. మూడు కాగితాలు పాడుచేసి, సంతకానికి బదులు కింద ఇది రాశాడు.

ఆవిరి