ఉప్పు ఎక్కడికీ పోదు

తేజన్ నగరం,
కార్తెలు మారి చలి మొదలైన రోజు.

అమ్మకు నమస్కారాలు. ఇక్కడ నీ అల్లుడు, పిల్ల కులాసా. నాన్నగారూ నువ్వూ కులాసాగా ఉన్నారని తలుస్తాను. నా సంగతి చివర్లో రాస్తాను. ఇప్పుడే అక్కడికి దూకకు.

కాబోయే డాక్టర్లకు తిండి గురించి పాఠమేమిటే అని అడిగావు. మందు రాయడం వాళ్లకు వచ్చమ్మా, రోగి ఇంట్లో ఏం ఉడుకుతోందో తెలియదు. అందుకే ఈ వారం అందరిచేతా కిడ్నీ రోగుల భోజనమే తినిపిస్తున్నాను. "ఇది అన్నమా మేడమ్, శిక్షా?" అని ఒకటే గోల. దోగ్యు అనే కుర్రాడు క్యాంటీన్ సోయా చారులో నీళ్లు గుమ్మరించి, అడుగు దాకా తాగేసి, "ఉప్పు తగ్గించేశా మేడమ్!" అన్నాడు.

"తగ్గి ఎక్కడికి పోయిందిరా? మొత్తం నీ కడుపులోకేగా!" అన్నాను. క్లాసంతా పకపకా నవ్వింది.

నువ్వు మాత్రం నవ్వకు. నాన్నగారి చారులో నీళ్లు కలుపుతున్నానని రాసింది నువ్వే కదా! ముక్కలు పెట్టు, చారు సగం చాలు. గొణిగితే గొణగనీ.

నవ్వులయ్యాక దోగ్యు నెమ్మదిగా అడిగాడు: "ఉప్పులో ఊరేసిన క్యాబేజీకి కారం పట్టించి కిమ్చీ కలిపే రోజు అమ్మ మొదటి ముక్క తన చేత్తో నోట్లో పెడుతుంది కదా మేడమ్. రోగి అప్పుడు వద్దని ఎలా అంటాడు?"

ఇంటికి రాగానే ఈ ఉత్తరం మొదలుపెట్టాను. ఆ రోగిని నేనేనమ్మా.

నా కిడ్నీలు సరిగా పనిచేయడం లేదు. వసంతంలోనే తెలిసింది. మందులు వాడి, ఉప్పు తగ్గిస్తే చాలాకాలం నెట్టుకురావచ్చట. భయపడకు. నువ్వు పంపిన కిమ్చీ భలే ఉందని రాసిందేమో నేను, తిన్నదేమో నీ అల్లుడు. నీ మనసు కష్టపెట్టలేక దాచాను.

ఈసారీ కిమ్చీ కలపడానికి వస్తాను. నువ్వు నోటికి అందిస్తే వద్దనడం నా వల్ల కాదు, అందుకే ముందే రాస్తున్నాను. ఉప్పులో వేయకముందే క్యాబేజీ లోపలి లేత ఆకు ఒకటి తీసి ఉంచు. కారం వద్దు, ఏమీ వద్దు. అందరి ముందూ అదే నా నోట్లో పెట్టమ్మా.

ఇట్లు,
నోరు తెరుచుకుని వచ్చే నీ చిన్న కూతురు
మిరాన్