కొస దొరకని మెలిక

అన్నా,
నువ్వు పోయి ఇయ్యాల్టికి ఏడాది. నేను ఇంకా సౌదీల, యాన్బులనే వెల్డింగ్ చేస్తున్న. మా ఇంజనీరు భార్యది ఐర్లాండ్, ఆర్టిస్టు. వాళ్ళ దేశపు పాతకాలపు సెల్టిక్ ముడుల డిజైన్లను ఇప్పుడు ఇనుప కడ్డీలతోని నాతోని చేయిస్తున్నది. ఒక్కటే గీత, ఒకసారి మీదికెల్లి, ఒకసారి కిందికెల్లి పోతది. కొస దొరకదు. అచ్చం నువ్వు కరీంనగర్ల వెండితీగను మెలేసినట్టే! ఆమె గీసిన బొమ్మల ఒక్కకాడ గీత వరుసగా రెండుసార్లు మీదికెల్లే పోయింది. ఆ తప్పు చూపిస్తే మస్తు సంబురపడ్డది.

"నీకెవరు నేర్పిండ్రు?" అని అడిగింది.

"మా అన్న. వెండి పని చేస్తడు."

"తీగ కొసలు కనపడకుండ ఎట్ల కలుపుతడో అడిగి చెప్తవా?"

నువ్వు లేవని చెప్పనీకి నోరు రాలేదు. అడిగి చెప్త అని మాటిచ్చిన.

ఎట్ల కలిపేటోనివి అన్నా? పక్కనే కూసొని కూడ నేనెన్నడు అడగలేదు.