పడవకు అడ్డం కట్టిన బొంత

వసంతా,

తెరచాప గుడ్డకని సూళ్లూరుపేట పోతున్నాను. పడవకు పూసిన రంగు ఇంకా గట్టిపడలేదు. మా తమ్ముడు మునస్వామి ఒడ్డుకు లాగుతానంటే ఆల్చిప్పల మీద లాగనియ్యొద్దు. కింద తడిపిన వరిగడ్డి పరచమను.

మొన్న గాలి లేచి పడవ రాతిగట్టుకు ఒరుసుకుంటుంటే, రంగు గీరుకుపోతుందని చేతికందిన బొంత అడ్డం కట్టినాను. నిన్న నువ్వు "మాయమ్మ కుట్టిన బొంత యాడ పెట్టినావయ్యా?" అంటే, "నాకేం తెలుసు, ఎలకల్నడుగు" అన్నాను. అది అబద్ధం. బొంత సగానికి చినిగింది. ఉతికి పెరట్లో ఆరేసినాను. పడవకు మాత్రం ఒక్క గీత పడలేదు. బొంత చినిగిన మాట నీ ముఖం చూసి చెప్పలేకపోయినాను.

చినిగినకాడ కుడదామని తెరచాప సూది తీసినాను. పోయిన మీ అమ్మ కుట్టు పక్కన నా కుట్టు వేయడానికి చెయ్యి రాలేదు.