ఎవరూ ఎత్తని ఫోను

జమ్మలమడుగు, బుధవారం

నా భార్య సరోజ చనిపోయి నాలుగు నెలలు. ఎన్నికల రోజులు కావడంతో ఆరు దాటితే వీధంతా తలుపులు వేసుకుంటోంది. ఇంట్లో ఏదో ఒక చప్పుడు ఉంటుందని, టీవీకి తగిలించుకునే కొత్త వీడియో గేమ్ కొందామని సాయంత్రం ప్రొద్దుటూరు వెళ్లాను.

వీడియో గేములు అమ్మే మస్తాన్ అంగడి మెట్టు ఎక్కబోతుండగా ఢామ్మని ఏదో పేలింది. ఎదురుగా బట్టలంగడి షట్టరు పడింది, దాని వెంట మిగతావీ. నేను పక్కనున్న ఫోను బూత్‌లోకి దూరి ఇంటికి నంబరు తిప్పాను. మా వైపు ముఠా కక్షల్లో ఒక ఊళ్లో బాంబు పడితే పక్క ఊళ్లో బదులు పడుతుంది. అందుకే, నాకేం కాలేదు, గడియ పెట్టుకో అని సరోజకు ముందే చెప్పడం అలవాటు. ఫోను చాలాసేపు మోగింది. అప్పుడు గుర్తొచ్చింది.

మస్తాన్ నవ్వుతూ బయటికొచ్చాడు. “బాంబు కాదప్పా, ఆటలో చప్పుడు! కొత్త మిషన్ చూస్తాండా!”

“నీ ఆట తగలెయ్య! పానం పోయింది గదరా!” అన్నాడు బట్టలంగడాయన షట్టరు సందులోంచి.

తర్వాత మస్తాన్ నాకు రెండు రిమోట్లు చూపించాడు. “ఇద్దరు ఆడితే శానా బాగుంటాది సార్. ఫోన్ చేసినారే, ఇంట్లో మేడమ్ భయపడిందా?”

“లేదు” అన్నాను.

ఆలోచించి చెప్తానని బస్సెక్కాను. వస్తువు మంచిదే, ధర కూడా ఎక్కువేం కాదు. కానీ అది పేలినప్పుడల్లా నా చెయ్యి ఫోను మీదికే పోతుంది. ఈ ఇంట్లో కూర్చుని ఈ ఇంటికే ఫోను చేసే మనిషినవుతాను.